కరెంటు మీద పరుగు, జనరేటర్ మీద మొండి ఎద్దు: నా బౌల్ ఫీడర్‌తో నాలుగేళ్ళు

ఈ మెషిన్‌కి సంబంధించి నాకు ఒకే ఒక్క కోపం ఉంది, ఆ కోపమంతా దానికి తగిలించిన రెగ్యులేటర్ డబ్బా మీద. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఈ సామాను కొనే ఆలోచన ఉన్నవాళ్ళు ఓపిక చేసుకుని చదవండి.

మాది వీరవాసరం దగ్గర. మా మావగారి పాత ధాన్యం గోడౌన్లో ఎల్ఈడీ బల్బులు అసెంబుల్ చేస్తాం, ఎక్కువగా 9 వాట్లవి. ఏడుగురు ఆడవాళ్ళు, ఒక కుర్రాడు, నేను. సీజన్లో ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తారు. నేను చెప్పేది క్యాప్ పిన్నులు అందించే చిన్న వైబ్రేటరీ బౌల్ ఫీడర్ గురించి, కొని నాలుగేళ్ళు దాటింది. గిన్నె ఎంత వెడల్పు, కాయిల్ ఎన్ని వాట్లు, ఇవన్నీ అమ్మేవాడి కాగితం మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా.

పిన్ను సంగతి మాత్రం ఒక్క ముక్క చెప్పాలి. మన ఇళ్ళల్లో హోల్డర్లో నొక్కి తిప్పే బల్బు ఉంటుంది కదా, బి22 క్యాప్, దాని అడుగున రెండు చుక్కలుంటాయి, కరెంటు తగిలేది అక్కడే. ఫిలమెంట్ బల్బుల రోజుల్లో అక్కడ సోల్డర్ చుక్క పెట్టేవాళ్ళు. ఇప్పుడు మేం వాడేది సోల్డరింగ్ అక్కర్లేని క్యాప్. డ్రైవర్ (బల్బు లోపలుండే చిన్న సర్క్యూట్) నుంచి వచ్చే రెండు తీగల్నీ ఆ రెండు కన్నాల్లోంచి బయటికి లాగి, క్యాప్‌ని హౌసింగ్ మెడకి పంచ్ చేసి, మిగిలిన తీగ కత్తిరించి, ఒక్కో కన్నంలో ఒక్కో ఇత్తడి పిన్ను దిగ్గొడతాం. తీగ పిన్నుకీ కన్నం గోడకీ మధ్య నలిగి బిగుసుకుంటుంది, అదే కనెక్షన్. పిన్ను ఎంతుంటుందంటే, బియ్యపు గింజకి తల మొలిచినట్టు ఉంటుంది.

ఆ గింజని పట్టకారుతో పట్టి, కన్నంలో నిలబెట్టి, హ్యాండ్ ప్రెస్సుతో కొట్టాలి. బల్బుకి రెండు. వెయ్యి బల్బులంటే రెండు వేల గింజలు. మా దగ్గర అందరికన్నా పెద్దావిడ ఒకామె ఉంది, అందరం పెద్దక్క అంటాం, మధ్యాహ్నం మూడు దాటితే ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. పిన్ను వంకరగా దిగితే తీగ సరిగ్గా నలగదు, బల్బు షాపులో వెలుగుద్ది, కొనుక్కున్నవాడి ఇంట్లో మిణుకు మిణుకుమంటుంది. పాలకొల్లు షాపాయన ఒకసారి అట్టపెట్టె మొత్తం వెనక్కి పంపించేశాడు, మీ బల్బులు కన్ను కొడుతున్నాయమ్మా అని. అమెరికాలో కార్నింగ్ వాళ్ళ రిబ్బన్ మెషిన్ 1926లోనే నిమిషానికి వందల లెక్కన గాజు బుడ్లు ఊదేసిందట, మేమేమో దాదాపు వందేళ్ళ తర్వాత కూడా పట్టకారు పట్టుకుని కూర్చున్నాం. చిన్న సామాన్ని ఒక్కొక్కటిగా, ఒకే వైపుకి తిప్పి, ఒకే చోటుకి తేవడం ఉంది చూశారూ, బల్బు పనిలో నన్ను ఏడిపించింది అదే.

అందుకని ఫీడర్ వచ్చిన మొదటి రోజు మా గోడౌన్లో పని ఆగిపోయింది, అందరూ దాని చుట్టూ చేరి చూడ్డమే. గిన్నెలో గుప్పెడు పిన్నులు పోసి స్విచ్ వేస్తే గుయ్‌మని ఒక మూలుగు మొదలై, పిన్నులు చీమల బారులా గిన్నె లోపలి గోడ చుట్టూ ఉన్న సన్నటి మెట్టు ఎక్కడం మొదలెడతాయి. బెల్టు లేదు, మోటారు లేదు, గొలుసు లేదు. అడుగున ఒక కాయిల్, గిన్నెని ఏటవాలుగా మోసే స్ప్రింగు పట్టీలు, అంతే. కాయిల్ లాగినప్పుడు గిన్నె వెంట్రుకవాసి కిందకి దిగి పక్కకి మెలి తిరుగుద్ది, వదలగానే పట్టీలు దాన్ని ఎగదంతాయి, దాంతో పిన్ను కంటికి ఆనని చిన్న గంతు వేస్తుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుద్ది, అయస్కాంతానికి ప్లస్సు వచ్చినా మైనస్సు వచ్చినా లాగడమే పని, కాబట్టి సెకనుకి 100 లాగుళ్ళు, 100 గంతులు. గిన్నె అంచు దగ్గర ట్రాక్ మధ్యలో సన్నటి చీలిక ఉంటుంది. పిన్ను కాళ్ళు ఆ చీలికలోకి జారతాయి, తల పైన ఆగిపోయి వేలాడుద్ది, అలా ఒకదాని వెనక ఒకటి, తీగ మీద కూర్చున్న పిచ్చుకల్లా, ప్రెస్సు దాకా వెళ్ళిపోతాయి. తలకిందులుగా వచ్చినదీ, అడ్డంగా పడుకున్నదీ అక్కడ నిలవలేక మళ్ళీ గిన్నెలో పడి మొదటి నుంచీ ఎక్కుద్ది. పెద్దక్క బల్బు తిరగేసి పెట్టి పెడల్ తొక్కడం, సగం తిప్పి మళ్ళీ తొక్కడం. "వణుకుడు గిన్నె" అని పేరు కూడా ఆమే పెట్టింది.

మొదటి ఆరు నెలలూ కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పాను, ఒకసారి సెట్ చేసుకుంటే ఇంక ముట్టుకోనక్కర్లేదండి అని. తణుకులో ఒకాయన నా మాట మీదే కొనుక్కున్నాడు. ఆ మాట గురించి తర్వాత చెప్తా.

రెండో ఏడాది ఆషాఢం చివర్లో సంగతి. శ్రావణం వస్తే గృహప్రవేశాలూ పెళ్ళిళ్ళూ మొదలవుతాయి కదా, షాపులవాళ్ళు ముందే స్టాకు పెట్టుకుంటారు, మాకు ఆ పది రోజులు రాత్రి తొమ్మిది దాకా పని. ఆ సాయంత్రం ఈదురుగాలి, వాన, ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడింది, కరెంటు పోయింది. జనరేటర్ వేశాం. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, కంప్రెసర్ లేచింది. గిన్నె కూడా గుయ్‌మంది. పిన్నులు మాత్రం ఎక్కట్లేదు. చలిజ్వరం వచ్చినవాళ్ళలాగ ఉన్నచోటే వణుకుతున్నాయి, ఒక్కటి ముందుకి జరిగితే రెండు వెనక్కి జారుతున్నాయి. రెగ్యులేటర్ నాబ్ పెంచాను. ఇంకా పెంచాను. చివరికంటా తిప్పితే కింద ఇనుము కాయిల్‌కి తగిలి టకటకటకమని ఒకటే మోత, భయమేసి ఆపేశా. ఆ రాత్రి మళ్ళీ పట్టకార్లు తీశాం.

పొద్దున్నే కరెంటొచ్చింది. స్విచ్ వేస్తే ఏమీ జరగనట్టు పిన్నులు బుద్ధిగా బారు కట్టి ఎక్కుతున్నాయి! నాకు ఒళ్ళు మండింది అప్పుడే. పూర్తిగా పాడైపోతే బాగుచేయించుకుంటాం, ఇలా వేషాలేస్తే ఏం చేస్తాం?

అమ్మినవాళ్ళకి ఫోన్ చేశా. ఎత్తిన కుర్రాడు మొదట అన్న మాట, "మేడం, మీ సార్‌కి ఇవ్వండి ఫోను". మా సారు రొయ్యల చెరువు దగ్గరున్నారు, నాతోనే చెప్పు అన్నా. గిన్నెలో ఎక్కువ పోసుంటారు, తగ్గించండి అన్నాడు. తగ్గించాం. పిన్నులకి నూనె జిడ్డు ఉండుంటుంది అన్నాడు, నిజంగానే జిడ్డుంటే జారతాయి, అందుకని సర్ఫ్ నీళ్ళలో కడిగి, ఆషాఢంలో ఎండెక్కడిది, చాటల్లో పోసి ఫ్యాన్ కింద ఆరబెట్టాం. కాయిల్‌కీ ఇనుముకీ మధ్య సందు చూడమన్నాడు, చూశాం. పట్టీల బోల్టులు బిగించమన్నాడు, బిగించాం. మా ఆయనొచ్చి ఓల్టేజీ తక్కువై ఉంటుంది అని ఇంట్లో ఫ్రిజ్ కింద ఉన్న స్టెబిలైజర్ పీక్కొచ్చి పెట్టారు, ఫ్రిజ్‌లో పాలు విరిగాయి కానీ పిన్నులు ఎక్కలేదు. ఇన్ని చేసినా కరెంటు మీద పరుగు, జనరేటర్ మీద మొండి ఎద్దు.

నాలుగో ఫోన్‌కి అదే కుర్రాడు, స్ప్రింగ్ వీక్ అయింది మేడం, ఒక పల్చటి పట్టీ అదనంగా వేయండి అన్నాడు. వేశాం. ఆశ్చర్యం, జనరేటర్ మీద గిన్నె లేచి కూర్చుంది! ఆ సాయంత్రం అందరికీ పునుగులు తెప్పించా. తెల్లారి కరెంటు మీద వేస్తే, ఇప్పుడు కరెంటు మీద ఎక్కట్లేదు. పునుగుల డబ్బులు దండగ. పట్టీ తీసేస్తే మళ్ళీ మొదటి కథ. మూడు వారాలు ఇలాగే నడిచింది, కరెంటు పోయినప్పుడల్లా పాపం పెద్దక్క లేచి వెళ్ళి పట్టకారు తెచ్చుకునేది.

దీన్ని పట్టుకున్నది ఎవరంటే మా మావగారి మిల్లులో ఎప్పటినుంచో పనిచేసే ఫిట్టరు. ఎలివేటర్ బెల్టు కోసమొచ్చి, టీ తాగుతూ మా గోడౌన్లోకి తొంగి చూశాడు. ధాన్యంలో రాళ్ళు తీసే డీస్టోనరూ జల్లెడలూ ఊగించడమే ఆయన పని, ఊగే సామాను ఏదైనా ఆయనకి చుట్టమే. అప్పుడే కరెంటు పోయి జనరేటర్ వేశాం, గిన్నె వణుకుతూ కూర్చుంది. గ్లాసు పక్కన పెట్టి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. కరెంటొచ్చాక మళ్ళీ విన్నాడు.

"అమ్మాయిగారూ, గిన్నెకేం రోగం లేదండి. కరెంటు మీద ఒక శ్రుతి, ఇంజను మీద ఒక శ్రుతి వత్తంది. మీ ఇంజను ఉరుకుతందండి, ఆయ్. ఏసవిలో ఎవరైనా దాన్ని ముట్టుకున్నారా?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. ముట్టుకోవడం కాదు, నేనే ముట్టించాను. వేసవిలో సర్వీసుకొచ్చిన కుర్రాడితో, జనరేటర్ మీద లైట్లు డల్‌గా ఉంటున్నాయి కొంచెం పెంచు బాబూ అన్నా, వాడు ఇంజను స్పీడుని అదుపులో పెట్టే గవర్నర్ నట్టు ఒక చుట్టు తిప్పి, ఇప్పుడు చూడండక్కా ఎంత తెల్లగా ఉన్నాయో అన్నాడు, నేనూ మురిసిపోయి యాభై ఎక్కువిచ్చా. ఇంజను స్పీడు పెరిగితే ఓల్టేజీతోపాటు హెర్ట్జ్, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుద్దో ఆ లెక్క, కూడా పెరుగుద్దని నాకేం తెలుసు! మా ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్. మా కుర్రాడి మల్టీమీటర్లో హెర్ట్జ్ చూసే బొత్తాం ఉందని కూడా ఆ రోజే తెలిసింది, పెట్టి చూస్తే 52 పైన చూపించింది. లైన్ కరెంటు మీద పెడితే 50, పక్కన చుక్క తర్వాత అంకె మాత్రమే అటూ ఇటూ కదులుతోంది.

రెండే రెండు హెర్ట్జ్‌కి ఇంత రాద్ధాంతమా అని అడిగా. "ఉయ్యాల ఎనక్కొచ్చి ఆగినప్పుడు తోత్తే చిటికెనేలితో ఊగుతాదండి. అడ్డదిడ్డంగా తోత్తే మీ చెయ్యే నొప్పెడతాది" అన్నాడు. ఆ పట్టీలకీ గిన్నె బరువుకీ కలిపి ఒక సొంత ఊపు ఉంటుంది, అది కాయిల్ లాగే వేగానికి బాగా దగ్గరగా ఉండేట్టు ఫ్యాక్టరీలోనే పట్టీలు లెక్క చూసి బిగిస్తారు. జతపడితే కొంచెం కరెంటుతోనే గిన్నె ఎగురుద్ది. సెకనుకి 100 లాగాల్సింది 104 లాగితే జత తప్పుద్ది, అప్పుడు నాబ్ ఎంత తిప్పినా అది మొరటు బలమే. అదనపు పట్టీ వేసినప్పుడు స్ప్రింగు గట్టిపడి ఊపు పైకి జరిగింది, అందుకే జనరేటర్‌కి జతపడి కరెంటుకి చెడింది. స్టెబిలైజర్ చూసేది ఓల్టులే, హెర్ట్జ్ దాని పని కాదు. ఫ్రిజ్‌లో పాలు ఊరికే పోయాయి.

పానా తీసుకెళ్ళి లాక్ నట్టు వదులు చేసి, గవర్నర్ నట్టు కొంచెం వెనక్కి తిప్పుతూ మీటర్ చదవమన్నాడు. 51.4, 50.9, 50.3 దగ్గర ఆపాడు, కంప్రెసర్ లేస్తే ఇంకొంచెం దిగుతాదిలెండి అని. గిన్నె స్విచ్ వేశాం. మొదట ఒక పిన్ను, దాని వెనక మూడు, తర్వాత బారంతా మెట్టెక్కింది. పావుగంట పని. డబ్బులిస్తే తీసుకోలేదు, వాకిట్లోకి రెండు బల్బులు పట్టుకెళ్ళాడు. లైట్లు డల్‌గా ఉండడానికి అసలు కారణం జనరేటర్ నుంచి వచ్చే సన్నటి వైరు అని కూడా ఆయనే చెప్పాడు, అది మార్చాక ఆ గొడవా పోయింది.

ఇంత విన్నాక తప్పు నీదే కదమ్మా అనొచ్చు. సగం ఒప్పుకుంటా. మిగతా సగం ఆ రెగ్యులేటర్ డబ్బాదే. ఫ్యాన్ రెగ్యులేటర్‌లాగ అది వచ్చిన కరెంటుని కోసి తగ్గించి పంపిస్తుంది తప్ప దాని హెర్ట్జ్ మార్చలేదు, లోపలికి ఏ తాళం వస్తే బయటికి అదే తాళం. వెనకాల స్టిక్కర్ మీద 230 ఓల్టులు, 50 హెర్ట్జ్ అని ఉంది, నిజమే, మిక్సీ మీదా అదే ఉంటుంది, మిక్సీ 52 మీద నోరెత్తకుండా పచ్చడి రుబ్బుద్ది. ఈ గిన్నెకి మాత్రం ఆ అంకె ప్రాణమని అమ్మినవాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు, నాలుగు ఫోన్లలో ఒక్కసారైనా జనరేటర్ స్పీడు చూశారా అని అడగలేదు. పల్లెటూళ్ళో యూనిట్ పెట్టినవాళ్ళకి జనరేటర్ లేకుండా ఎలా కుదురుద్ది చెప్పండి.

ఇక ఒకసారి సెట్ చేస్తే ముట్టుకోనక్కర్లేదు అన్న నా మాట. వెనక్కి తీసుకోవట్లేదు గానీ, కొంచెం సర్దుకోవాలి. మా వైపు చీకటి పడితే రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు అన్నీ ఒక్కసారి వేస్తారు, రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుద్ది కదా, ఆ టైంకి మా ఓల్టేజీ కూర్చుంటుంది, గిన్నె నెమ్మదిస్తుంది. దానికి స్టెబిలైజర్ పనికొచ్చింది (ఈసారి కొత్తది కొన్నాం, ఫ్రిజ్‌ది కాదు). గాలిలో తేమకి పట్టీల అంచులు తుప్పు పడతాయి. మూడో ఏడాది ఒక పట్టీ బిగింపు దగ్గర సన్నగా చీలి విరిగింది, కళ్ళకి కనపడకముందే గిన్నె గొంతు మారిందని పెద్దక్క చెప్పింది, నేను నమ్మలేదు, తర్వాత నమ్మాల్సొచ్చింది. గిన్నె లోపల పూసిన పచ్చ పీయూ (పాలీయురేథేన్) పూత పిన్నులు ఎక్కే దారిలో అరిగి పొరలు లేచింది, మళ్ళీ పూయించడానికి గిన్నె ఊడదీసి పంపిస్తే పదకొండు రోజులు పట్టింది. చవగ్గా వస్తున్నాయని ఒకసారి వేరే చోట పిన్నులు తెప్పించా, తలల చుట్టూ ముళ్ళు, చీలిక మూతి దగ్గర గంటకి నాలుగుసార్లు ఇరుక్కునేవి, పిన్నీసుతో పొడిచి తీయడమే పని. పిన్నులు మంచివైతే రోజుకి ఒకసారి కూడా ఇరుక్కోవు, కాబట్టి దాన్ని మెషిన్ తప్పు అనను.

మోత కూడా చిన్నది కాదు. రోజంతా ఒకే గుయ్. పైన చెక్క పెట్టె మూతలాగ చేయించి లోపల రబ్బరు షీటు అతికించాక కొంత నయం, అయినా ఇంటికెళ్ళి పడుకున్నా చెవిలో తిరుగుద్ది అంటుంది పెద్దక్క. కళ్ళ నీళ్ళు మాత్రం ఆగాయి. పిన్నుల దగ్గర ముగ్గురు కూర్చునే చోట ఇప్పుడు ఒక్కరే, మిగతా ఇద్దరూ టెస్టింగ్‌కీ ప్యాకింగ్‌కీ మారారు. సీజన్‌కి పిలిచేవాళ్ళలో ఒకమ్మాయిని రెండేళ్ళుగా పిలవట్లేదు, అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నా.

తణుకాయన మాత్రం నాలాగ పాట్లు పడకుండా డిజిటల్ కంట్రోలర్ వేయించుకున్నాడు. అది వచ్చిన కరెంటుని ముందు డీసీ చేసి, దాంట్లోంచి తనకి కావలసిన హెర్ట్జ్ తనే తయారుచేసుకుంటుంది, జనరేటర్ ఏ రాగం తీసినా దానికి పట్టదు. పట్టీల్ని కరెంటుకి సరిపెట్టే బదులు, బొత్తాం నొక్కి హెర్ట్జ్‌నే పట్టీలకి సరిపెట్టొచ్చు. ఒక వారం అడిగి తెచ్చుకుని మా గిన్నెకి తగిలించి చూశా, నిజం చెప్పాలంటే తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. ధర మాత్రం మా రెగ్యులేటర్‌కి ఆరు రెట్ల పైమాటే చెప్పారు. ఇప్పుడు జనరేటర్ దారిలో ఉంది, కరెంటు కోతలూ మునుపటంత లేవు, అందుకని వాయిదా వేస్తున్నా. ఈ రోజు కొత్తగా కొనేదాన్నైతే గిన్నె చిన్నదైనా ఆ కంట్రోలర్‌తోనే కొంటా.

మీరు కొనాలా అంటే, మీ లెక్క మీది. రోజుకి మూడు నాలుగు వందల బల్బులైతే నేనైతే కొనను, ఇద్దరు చేతి ఒడుపు ఉన్నవాళ్ళూ ఒక హ్యాండ్ ప్రెస్సూ చాలు. మాకు వెయ్యి దాటుతున్నాయి కాబట్టి కిట్టింది, అదీ గోడౌన్ అద్దె లేదు, మిల్లు ఫిట్టరు పిలిస్తే పలికే దూరంలో ఉన్నాడు, ఇవి రెండూ లేకపోతే ఇంత ధీమాగా రాసేదాన్ని కాదేమో. నరసాపురం, మొగల్తూరు వైపు ఉప్పుగాలి తగిలే చోట పెట్టేవాళ్ళు పట్టీలు ఒక సెట్టు అదనంగా ముందే తీసుకోండి. డబ్బు కట్టేముందు వాళ్ళ షెడ్డులోనే జనరేటర్ వేయించి గిన్నె నడిపించి చూపించమనండి, కరెంటు మీద నడిపి చూపిస్తే ఒప్పుకోకండి.

మా రెగ్యులేటర్ నాబ్ మీద పెద్దక్క మనవరాలు గోళ్ళరంగుతో రెండు చుక్కలు పెట్టింది, ఎరుపు చుక్క కరెంటుకి, గులాబీ చుక్క జనరేటర్‌కి. కిందటి నెల చూస్తే మూడోది కూడా ఉంది, నీలం. ఇదెందుకే అని అడిగితే, జనరేటర్ మీద కంప్రెసర్ ఆగిపోయినప్పుడట.